చలిదేశమున చల్లనిగాలి యంత్రములు

స్కాట్లండు దేశమనగానే మన మనస్సునకు తోచునవి పొగమంచు, ఉన్నిదుస్తులు, పొయ్యి ప్రక్కని కుర్చీ. అట్టి దేశమున, అందును మూడువేల జనమైనను నిండని యొక చిన్న పట్టణమున, గాలిని చల్లపఱచు యంత్రములును వానిని బాగుచేయు పనివారును కావలసివచ్చిరనిన వినువారికి వింతగా నుండును. వేడినీళ్ళకు చన్నీళ్ళు తోడని మన పెద్దలందురు గాని, చలికి చల్లనిగాలి తోడెందులకని యెవరైనను ప్రశ్నింపవచ్చును. ఆ కారణమును విచారించినచో, మనమందరము ఏసీయని పిలుచుకొను యీ యంత్రము యథార్థముగా నేమి చేయుచున్నదో, దానిని ఉపేక్షించిన నెట్టి నష్టము వాటిల్లునో చక్కగ బోధపడును.

నేను చెప్పబోవు పట్టణము పేరు డన్స్. అది స్కాట్లండునకు దక్షిణపు సరిహద్దు సీమలో బెర్విక్‌షైరు మండలమున నున్నది. మధ్యయుగమున తత్త్వపండితుడుగా ప్రసిద్ధి గాంచిన జాన్ డన్స్ స్కోటస్ అచ్చటనే జన్మించెనని ప్రతీతి. చుట్టును బార్లీ, గోధుమ పొలములు, గొఱ్ఱెల మందలు. ఊరికి రైలుస్టేషను లేదు. ఎడింబరో మహానగరము సుమారు 45 మైళ్ళ దూరము. జూలై నెలలో సైతము పగటి వేడిమి సాధారణముగా 20 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతముననే యుండును. మన తీరసీమలందు మార్గశిరమాసపు వేకువ యెట్లుండునో వారికి నడివేసవి యట్లుండునని చెప్పవచ్చును.

అట్టి సీమలో 2022వ సంవత్సరము జూలై 19వ తేదీన ఒక విపరీతము జరిగెను. డన్స్ పట్టణమునకు కొలదిమైళ్ళ దూరముననున్న చార్టర్‌హాల్ అను చోట వేడిమి 34.8 డిగ్రీలకు చేరెను. స్కాట్లండు దేశమున కొలతలు వ్రాయుట మొదలైన నాటినుండి యంతటి వేడిమి యెన్నడును నమోదు కాలేదు. అంతకుముందు 2003వ సంవత్సరము ఆగస్టు 9వ తేదీన, అదే సరిహద్దు సీమలోని గ్రేక్రుక్ అను చోట 32.9 డిగ్రీలు గుర్తింపబడినదియే మిక్కిలి హెచ్చు.

మనకు 34 డిగ్రీలనగా వేసవిలో నొక సుఖదినము. కావున నందులో భయపడవలసిన దేమున్నదని తోచుట సహజము. కాని మన యిండ్లు ఎండకొఱకు కట్టినవి. ఎత్తైన కప్పు, ఎదురెదురు కిటికీలు, వసారా, పంకా మనకు గలవు. వారి యిండ్లు చలికొఱకు కట్టినవి. లోపలి వెచ్చదనము వెలుపలికి పోకుండ గోడలలో దట్టమైన పొరలు నింపుదురు, కిటికీలకు రెండేసి యద్దములు బిగింతురు. శీతకాలమున నిది యెంత మేలో, ఎండ ముదిరిన వారమున నంత కీడు. లోపల జొచ్చిన వేడి రాత్రియైనను వెలికిపోదు. అన్నిటికంటె నిది వృద్ధులకు కష్టము. వయస్సు మీఱిన దేహమునకు చెమట తక్కువగా పట్టును. దప్పికయు చక్కగ తెలియదు. ఒంటరిగా నుండు వృద్ధులును, వృద్ధాశ్రమములలోని రోగులును గాఢమైన వేడిలో నొక రెండు రాత్రులు గడపుటయే ప్రాణాపాయము కాగలదు.

చిన్న పట్టణమున నీ యంత్రము లెచ్చట నుండును?

అచ్చటి సాధారణ గృహములలో నిట్టి యంత్రములు నేటికిని అరుదు. అయినను చిన్న పట్టణమంతట కలయజూచినచో వీని యక్కర యున్న చోటులు పెక్కు గలవు. మందుల దుకాణమున ననేకములగు మందులను 25 డిగ్రీలకు మించని వేడిమిలో నుంచవలెనని వాని పెట్టెల మీదనే వ్రాసియుండును. దంతవైద్యుని గదియందును, జుట్టు అలంకరించు దుకాణమునందును జనుల శ్వాసతోను, దీపములతోను, యంత్రములతోను గాలి వెచ్చబడును. కార్యాలయములలో కంప్యూటర్లనుంచిన చిన్నగది చలికాలమునను వేడెక్కుచునే యుండును. వృద్ధాశ్రమములు, హోటళ్ళు, కిరాణాదుకాణములు ఉండనేయున్నవి. సమీపముననే యున్న అయిమత్ రేవుపట్టణమున సముద్రపు పంటయగు చేపలను చెడకుండ నిలుపుటకు శీతలగదులు కావలయును. ఇవన్నియు నొకే జాతి యంత్రములు. ఒకే విద్య నేర్చిన పనివారు చక్కబఱుపవలసినవి.

చల్లదనము పుట్టుట

ఈ విద్యకు స్కాట్లండుతో నున్న బంధుత్వము నేటిది కాదు. మట్టికుండలోని నీరు చల్లబడుట మన మెఱుగుదుము. కుండ పైకి చెమర్చిన నీరు ఆవిరియై పోవునపుడు కుండలోని వేడిని వెంట గొనిపోవును. వాకిట తడిపి కట్టిన వట్టివేళ్ళ తడికలో జరుగునదియు నిదియే. హామిల్టన్ పట్టణమున 1710వ సంవత్సరమున జన్మించిన విలియం కల్లెన్ అను వైద్యపండితుడు గ్లాస్గో విశ్వవిద్యాలయమున 1748 ప్రాంతమున నీ ధర్మమునే పరీక్షించెను. వేగముగా నావిరియగు ఈథరు ద్రవమును పాత్రలోనుంచి, పైనున్న గాలిని పంపుతో లాగివేయగా, ఆ ద్రవము మఱింత వేగముగా నావిరియై, ప్రక్కనున్న నీటిని గడ్డ కట్టించెను. మనుష్యుడు యంత్రసాధనముతో మంచు పుట్టించుటకిదియే మొదలని చెప్పుదురు. అతని శిష్యుడగు జోసెఫ్ బ్లాక్, నీరు ఆవిరియగునపుడు దాచుకొని పోవు వేడియెంతయో కొలిచి చూపెను.

ఇంతకంటె మనకు దగ్గఱయైన ముచ్చట మఱొకటి యున్నది. స్కాట్లండు ఆస్థాన జ్యోతిశ్శాస్త్రజ్ఞుడైన చార్లెస్ పియాజీ స్మిత్ 1850 ప్రాంతమున, మనవంటి ఉష్ణదేశములలోని గదుల గాలిని చల్లపఱచు నుపాయమును ప్రతిపాదించెను. గాలిని గట్టిగా నదిమినచో వేడెక్కును. ఆ వేడిని వెలుపల పోగొట్టి పిమ్మట వదలినచో గాలి మొదటికంటె చల్లబడును. ఇదియే యతని యుపాయము. 1852లో గ్లాస్గో ఆచార్యుడు విలియం థాంసన్, తరువాత కెల్విన్ ప్రభువని పేరొందినవాడు, అట్టి యంత్రమే గృహములను చల్లపఱచుటకును వెచ్చపఱచుటకును గూడ పనికివచ్చునని నిరూపించెను. డంబార్టన్‌షైరులోని బాన్‌హిల్ గ్రామమున 1816లో బుట్టిన జేమ్స్ హారిసన్ ఆస్ట్రేలియాకు వలసపోయి, పత్రికాసంపాదకుడై యుండియు, ఈథరుతో మంచు చేయు పెద్దయంత్రమును నిర్మించెను. అతడే 1873లో మాంసమును ఓడమీద చల్లగా నుంచి లండనునకు బంపగా, దారిలో చల్లదనము నిలువక సరకంతయు చెడిపోయెను. చల్లదనమును పుట్టించుట యొక విద్య, దానిని నిలుపుకొనుట వేఱొక విద్య యని యానాడే తేలినది.

కావున యంత్రము చల్లదనమును సృజింపదు. లోపలి వేడిని మోసికొనిపోయి వెలుపల పాఱబోయును. ఇంటిలోని చెత్తను గంపకెత్తి పెంటకుప్పకు జేర్చు పని వంటిదే దాని పని. లోపలి పెట్టెలో రాగిగొట్టముల చుట్టయుండును. అందులో ద్రవము ఆవిరియగుచు గది వేడిని గ్రహించును. కంప్రెసరు ఆ యావిరిని అదిమి వెలుపలి పెట్టెకు త్రోయగా, అచ్చట వేడిని విడిచి మరల ద్రవమగును. ఈ గంప మోయు దిక్కును త్రిప్పినచో వెలుపలి గాలిలోనున్న కొలదిపాటి వేడియే ఇంటిలోనికి వచ్చిచేరును. దీనినే హీట్‌పంపు అందురు. ఒకపాలు విద్యుత్తు ఖర్చుచేసినచో ఇంచుమించు మూడుపాళ్ళ వేడి యిల్లు చేరును. స్కాట్లండు ప్రభుత్వము 2024 ఏప్రిలు 1వ తేదీనుండి అనుమతి కోరు క్రొత్త గృహములలో గ్యాసు, చమురు బాయిలర్లు పెట్టరాదని నియమించుటచే, ఇట్టి యంత్రములు పెరుగుచున్నవి. ఇట్లు ఒకే పెట్టె వేసవిలో చల్లపఱచి, శీతకాలమున వెచ్చపఱచునపుడు దానికి విశ్రాంతి యుండదు. విశ్రాంతి లేనిదానికి సంరక్షణ రెండింతలు కావలయునుగదా!

ఇంటివారి పని, పనివాని పని

సంరక్షణలో మొదటి భాగము ఇంటివారిది. లోపలి పెట్టె మూత తెఱచినచో సన్నని జల్లెడ కనబడును. దానినే ఫిల్టరందురు. గదిలోని దుమ్ము, దుప్పట్ల నూగు, పెంపుడుకుక్క వెండ్రుకలు దానియందు జిక్కును. నెలకొకసారియైనను దానిని తీసి, దులిపి, గోరువెచ్చని నీట కడిగి, నీడన నారబెట్టి మరల నుంచవలెను. జల్లెడ మూసికొనిపోయినచో గాలి తగినంత పోదు. గాలి పోనిచో గొట్టముల మీద మంచు పేరుకొనును. అప్పుడు యంత్రము ఎక్కువ విద్యుత్తు త్రాగి తక్కువ పని చేయును. ఇంటివారు, యంత్రము పాతబడినదని నిందింతురు. వెలుపలి పెట్టెచుట్టు రాలిన ఆకులు, పెరిగిన తీగలు తొలగించుటయు ఇంటివారిదే.

రెండవ భాగము శిక్షణ పొందిన పనివానిది. సాధారణముగా దుకాణములవారును ఆశ్రమములవారును ఏడాదికి రెండుసార్లు వచ్చునట్లు ఒడంబడిక చేసికొందురు. వేసవికి ముందొకటి, శీతకాలమునకు ముందొకటి. పనివాడు వచ్చి మొదట విద్యుత్తు నిలిపివేయును. గొట్టముల చుట్ట నంటిన జిడ్డును దుమ్మును మందునీటితో కడుగును. లోపలి పెట్టెలో చేరిన తేమ నీరై పోవు సన్నగొట్టమును ఊది చూచును. ఆ గొట్టము పాచితో మూసికొన్నచో నీరు గోడమీద కారును. నిలువనీరు దుర్గంధమునకును, బూజునకును తావగును. వెలుపలి పెట్టెలోని పలుచని రేకులను దువ్వెనవంటి పనిముట్టుతో సరిచేయును. అయిమత్ వంటి సముద్రతీరమున ఉప్పుగాలి ఆ రేకులను తిని చిల్లులు పెట్టును గనుక, అచ్చట మంచినీటితో కడుగుట తఱచుగా జరుగవలెను. తీగల బిగువు, పంకా కదలిక, లోపలికి పోవు గాలికిని వెలువడు గాలికిని గల వేడిమి భేదము చూచి, అన్నియు పుస్తకమున వ్రాసి సంతకము చేయును.

శీతకాలమున నొక వింత జరుగుట కలదు. వెచ్చపఱచునప్పుడు వెలుపలి పెట్టెమీద మంచు పేరుకొనును. యంత్రము తనంతట తానే కొన్ని నిమిషములు దిక్కు మార్చి ఆ మంచును కరగించుకొనును. అప్పుడు తెల్లని యావిరి లేచుట చూచి, పొగ వచ్చుచున్నదని బెదరి పనివానిని పిలుచువారు కలరు. అది రోగము కాదు, యంత్రము నడచు తీరు. అయితే కరగిన నీరు నడవమీద పాఱి మరల గడ్డకట్టినచో కాలుజాఱి యెముకలు విరుగు ప్రమాదము గలదు. ఆ నీరు పోవు దారిని ముందే కనిపెట్టి యేర్పఱచుట మంచి పనివాని లక్షణము.

కంటికి గానరాని వాయువు

ఇన్నిటికంటె ముఖ్యమైనది గొట్టములలో దిరుగు వాయువు. అది చెక్కుచెదరకున్నంతకాలము తఱుగునది కాదు. తఱిగినదనగా ఎచ్చటనో చిల్లి యున్నదని యర్థము. చిల్లిని వెదకి పూడ్చక, ఏటేట క్రొత్తవాయువు నింపించుకొనుట పగిలిన కుండలో నీళ్ళు పోయుటయే. పైగా ఆ వాయువు ఊరక పోదు. ఆర్-410ఏ అను వాయువు ఒక కిలో బయటపడినచో, 2,088 కిలోల బొగ్గుపులుసు వాయువు చేసినంత కీడు ఆకాశమునకు చేయునని లెక్కకట్టిరి. క్రొత్త యంత్రములలో వాడు ఆర్-32 అను దానికి ఆ సంఖ్య 675. డన్స్ ప్రాంతమున 34.8 డిగ్రీల దినము రప్పించిన లోకతాపమునకు, ఆ తాపమునుండి తప్పించుకొనుటకై పెట్టుకొన్న యంత్రమే చిల్లిపడి తోడ్పడుట యెంతటి విపరీతమో యోచింపుడు.

అందుచేత అచ్చటి చట్టము కఠినముగా నున్నది. ఇట్టి వాయువు గల యంత్రమును సర్టిఫికెట్టు పొందిన పనివాడు తప్ప యితరులు తెఱచి ముట్టరాదు. యంత్రములోని వాయువు 5 టన్నుల బొగ్గుపులుసు వాయువునకు సమానమైనచో ఏటికొకసారి, 50 టన్నులకు సమానమైనచో ఆరు నెలలకొకసారి, 500 టన్నులకు సమానమైనచో మూడు నెలలకొకసారి చిల్లులకై పరీక్షింపవలయును. ఆర్-410ఏ వాయువైనచో రెండున్నర కిలోలకే మొదటి హద్దు దాటును. గట్టిగా మూసివేసిన చిన్న యంత్రములకు కొంత మినహాయింపు గలదు. పరీక్ష వివరములను అయిదేండ్లు భద్రపఱుపవలెను. పూర్వము విరివిగా వాడిన ఆర్-22 అను వాయువును 2015 జనవరి 1వ తేదీనుండి యంత్రములలో నింపుట నిషిద్ధమైనది. 12 కిలోవాట్లకు మించిన శీతలయంత్రములు గల భవనములకు అయిదేండ్లలో నొకసారియైనను వేఱుగా తనిఖీ జరుగవలెను. ఇప్పుడు వచ్చుచున్న ప్రొపేను వాయువు ఆకాశమునకు కీడు చేయుట మిక్కిలి తక్కువ. కాని తేలికగా నంటుకొనునది. తెలియనివాడు ముట్టిన ప్రాణముమీదికి వచ్చును. కావుననే చదువుకొన్న పనివాడు కావలెననుట.

చిన్న యూరి చిక్కు

నగరమున పనివారు వీధికొకరు దొరకుదురు. చిన్న యూరిలో నట్లు కాదు. ఒక్క పనివాడు వ్యానులో పనిముట్లు వేసికొని ఊరూరు తిరుగవలెను. ఒకచోటికిని మఱొకచోటికిని నడుమ కొండదారి పది పదిహేను మైళ్ళుండును. ఎండ ముదిరిన వారమున అందరును ఒక్కసారి పిలుతురు. ముందెచ్చటికి పోవలెను? దుకాణమునకా, వృద్ధాశ్రమమునకా? న్యాయము తెలిసిన వాడు ముందు ముసలివారిని, మందులను కాపాడును, తక్కినవారు వేచియుండవలెను. మాఘఫాల్గుణములలో పిలిచియున్నచో ఈ వేచియుండుట యుండదు. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట యని మనవారు చెప్పునది యచ్చటను చెల్లును. అచ్చటి కొన్ని భవనములు పురాతనములని నమోదైనవి. వాని గోడలకు వెలుపలి పెట్టె తగిలింపవలెనన్నచో ముందుగా స్థానిక పాలకుల యనుమతి పొందవలెను. పెట్టె చప్పుడు పొరుగువారి నిద్రకు భంగము గాకుండ చోటు చూచుటయు నా పనివాని బాధ్యతయే.

మన సంగతియు రెండుమాటలు చెప్పి ముగింతును. మన యిండ్లలోను నీ యంత్రములు చేరినవి. ఎండలు ముదిరిన పిమ్మట పిలుచుట, జల్లెడ కడుగుటను పనివానికి వదలుట, "గ్యాసు పోయినది, నింపెదను" అనగానే సరేయని సొమ్మిచ్చుట, ఇవి మనలో సాధారణములైనవి. ఇకమీద పనివాడు గ్యాసు నింపెదననినచో, "నాయనా, అది యెచ్చట కారుచున్నది? చిల్లి పూడ్చితివా?" అని మొదట నడుగుడు. నింపిన వాయువు పేరును, తూకమును, తేదీని ఇంటి పద్దుపుస్తకమున వ్రాయించుడు. విద్యుత్తు నిలిపినపిమ్మటనే జల్లెడ తీసి మీ చేతులతో కడుగుడు. మేడమీది పెట్టె దగ్గఱకు మాత్రము మీరెక్కవలదు, పిల్లలను ఎక్కనీయవలదు. కరెంటుపని, ఎత్తుపని, వాయువుపని తెలిసినవారికే వదలుడు.

పొయ్యి అలుకుట, బావిచేద చూచుకొనుట, పప్పులు ఎండబోయుట యెట్లు కాలము తప్పక చేయుచు వచ్చితిమో, ఈ క్రొత్త యంత్రమును గూడ నా వరుసలోనే చేర్చుకొనవలెను. ఇంటిలో ముసలివారున్నవారు ఫాల్గుణము దాటకముందే ఈ పని ముగించుకొందురు గాక!